లైనక్స్ మింగిన ఆత్మకథ

ఆ రోజుకు సూపరింటెండెంటుగారు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. కాఫీ తాగడం, కంప్యూటర్లో పాత సిస్టమ్ తీసేసి లైనక్స్ పెట్టడం, దాని మీద తన తొలి అభిప్రాయం రాసి అపార్ట్‌మెంటు గ్రూపులో పెట్టడం, సాయంత్రం నాలుగింటికి ప్రెస్సాయన వస్తే ఆత్మకథ ఫైలు ఆయన చేతికివ్వడం. ఈ నాలుగు పనుల్లో మొదటిది మాత్రం అనుకున్నట్టే జరిగింది.

ఆయన రికార్డుల విభాగంలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యారు. "నా సర్వీసులో ఒక్క కాగితం పోలేదు" అనే మాట ఇంటికొచ్చిన వాళ్ళకు మంచినీళ్ళకంటే ముందు అందేది. ఆ మాటనే కొంచెం సాగదీసి రెండేళ్ళపాటు ఒక పుస్తకం రాశారు. పేరు ‘నేనూ నా దస్త్రాలూ’. నాలుగు వందల పన్నెండు పేజీలు. రాశారంటే, ఆయన కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుని చెప్పారు, భార్య టైపు చేసింది. తెలుగు టైపు నేర్చుకోవచ్చు కదా అని కూతురు ఒకసారి అంటే, "రచయిత టైపు చెయ్యకూడదమ్మా, ఆలోచన తెగిపోతుంది" అన్నారు. భార్య గురించి అంత పుస్తకంలోనూ ఒకే ఒక్క వాక్యం ఉంది: ‘అదే సంవత్సరం నాకు పదోన్నతి, వివాహం జరిగినవి.’ అదీ ఆవిడే టైపు చేసుకుంది.

లైనక్స్ సంగతి పై అంతస్తులో ఉండే రిటైర్డు బ్యాంకు మేనేజరుగారి వల్ల వచ్చింది. ఆయన పోయిన వారం తన కంప్యూటర్లో కొత్త లైనక్స్ ఒకటి పెట్టుకుని, ‘తొలి వారం అనుభవాలు’ అని గ్రూపులో రాశారు. ముప్ఫై ఎనిమిది బొటనవేళ్ళు లేచాయి. నీళ్ళ ట్యాంకు శుభ్రం చేయించడం మీద సూపరింటెండెంటుగారు రాసిన వ్యాసానికి అంతకుముందు లేచినవి రెండే. అందులో ఒకటి ఆయన భార్యది. అప్పటినుంచి ఆయనకు తిండి సరిగ్గా వంటబట్టలేదు. వారం ఆగి రాసినవాడికే అన్ని వస్తే, మొదటి గంటలోనే రాసినవాడికి ఎన్ని రావాలి?

"ఇవాళే ఎందుకండీ?" అంది భార్య, కాఫీ కప్పు తీస్తూ. "ప్రెస్సాయన వచ్చి వెళ్ళాక రేపు నింపాదిగా పెట్టుకోవచ్చుగా."

"పుస్తకం తెరుచుకోడానికే ఏడు నిమిషాలు పడుతోంది. వచ్చినాయన్ని ఏడు నిమిషాలు గడియారం గుర్తు చూస్తూ కూచోమంటావా? అరగంట పని ఇది. మేనేజరుకే వచ్చిందంటే ఇందులో ఏముంటుంది?"

"మరి అందులో ఉన్నవన్నీ...?"

"ముప్ఫై నాలుగేళ్ళు రికార్డులు కాపాడినవాణ్ణి. నాకా చెబుతున్నావు?"

ఆయన చెప్పినంతా చేశారు కూడా. మేనేజరుగారు ఇచ్చిన లైనక్స్ పెన్‌డ్రైవు ఒక పక్కన పెట్టి, ఖాళీ పెన్‌డ్రైవు ఇంకొకటి గుచ్చి, స్క్రీను మీద కనిపిస్తున్న గుర్తులన్నీ అందులోకి ఎత్తారు. ముప్ఫై ఒకటి. ‘నేనూ నా దస్త్రాలూ’ పదిహేడోది. తెల్లకాగితం మీద గళ్ళు కొట్టి వరస సంఖ్య, పేరు, తేదీ, విశేషాలు రాసి, కింద సంతకం పెట్టి, అదే మళ్ళీ రెండో ప్రతి రాశారు. జాబితా రాయడానికి నలభై నిమిషాలు పట్టింది. ఎత్తడానికి రెండు సెకన్లు పట్టింది. ఆ రెండు సెకన్లు ఆయనకు అనుమానం తెప్పించలేదు, ఆనందం తెప్పించాయి.

"చూశావా? పద్ధతిగా చేస్తే యంత్రం కూడా భయపడుతుంది" అన్నారు.

ఆ తర్వాత మేనేజరుగారి పెన్‌డ్రైవు గుచ్చి కంప్యూటర్ మళ్ళీ ఆన్ చేస్తే, లైనక్స్ ప్రశ్నలు మొదలుపెట్టింది. ఏ భాష, ఏ ఊరి టైము, ఏ కీబోర్డు. అన్నిటికీ దరఖాస్తు ఫారం నింపినంత శ్రద్ధగా జవాబులిచ్చారు. అప్పుడొక పేజీ వచ్చింది. డిస్కును ఏం చెయ్యమంటారని అడుగుతోంది. కింద మూడు దారులున్నాయి. వాటిలో మొదటిదానికి, ‘మొత్తం చెరిపి కొత్తగా పెట్టు’ అనేదానికి, ముందే చుక్క పెట్టి ఉంది.

ఇక్కడ ఆయన ఉద్యోగపు అలవాటు గురించి ఒక మాట చెప్పాలి. ఆయన బల్ల మీదికి ఫైలు వచ్చేటప్పటికి కిందివాళ్ళు ఎక్కడ సంతకం పెట్టాలో అక్కడ పెన్సిలుతో టిక్కు పెట్టి పంపేవారు. ముప్ఫై నాలుగేళ్ళు ఆయన ఆ టిక్కు పక్కనే సంతకం పెట్టారు. పైన ఏముందో చదవడమంటే కిందివాళ్ళను అవమానించడమేనని ఆయన నమ్మకం. తెర మీద చుక్క చూడగానే ఆయన వేలు దానంతటదే కదిలింది. ‘మీ ఫైళ్ళన్నీ పోతాయి, సమ్మతమేనా’ అని లైనక్స్ ఇంకోసారి అడిగింది. ఆయన ఆఫీసులో ప్రతి ఫారం కిందా ఇలాంటి బెదిరింపు ఒకటి ఉండేది. అది చదివి ఆగిపోయిన మనిషిని ఆయన ఎన్నడూ చూడలేదు. సమ్మతమన్నారు.

పావుగంటలో తెర మీద నీలం రంగు సరస్సు, దాని వెనక మంచుకొండలు ప్రత్యక్షమయ్యాయి. సూపరింటెండెంటుగారు నోటుబుక్కు తెరిచి తొలి అభిప్రాయాలు రాసుకోవడం మొదలుపెట్టారు.

‘సరస్సు చల్లగా ఉంది. స్టార్టు బటను ఎక్కడా లేదు, అయినా స్టార్టయింది. కింద ఒక పట్టీ, దాని మీద బొమ్మలు. బొమ్మ మీద బాణం పెడితే అది కాస్త ఉబ్బి పలకరిస్తుంది. మర్యాద తెలిసిన సిస్టమ్.’ కాసేపటికి మర్యాద మోతాదు మించింది. కొత్త ప్రోగ్రాము పెట్టాలంటే పాస్‌వర్డ్ అడిగింది. అప్‌డేట్ చెయ్యాలంటే అడిగింది. గడియారం సరిచెయ్యబోతే అడిగింది. ‘నేను నేనేనని పావుగంటలో మూడుసార్లు రుజువు చేసుకోవలసి వచ్చింది. మా ఆఫీసు గుర్తొచ్చి కళ్ళు చెమర్చినవి’ అని రాసుకున్నారు.

మేనేజరుగారు తన వ్యాసంలో ఒక నల్ల పెట్టె గురించి గొప్పగా చెప్పుకున్నారు. అందులో అక్షరాలు కొట్టి యంత్రాన్ని నేరుగా ఆజ్ఞాపించవచ్చట. సూపరింటెండెంటుగారు అదీ తెరిచారు. మేనేజరుగారు రాసిచ్చిన ఆజ్ఞ చూసి కొట్టారు. అదీ పాస్‌వర్డ్ అడిగింది. ఎంత కొట్టినా తెర మీద ఒక్క చుక్క పడలేదు. కీబోర్డు తలకిందులు చేసి దులిపారు. ఊదారు. చివరికి గట్టిగా అరిచారు.

"ఏమేవ్! కీబోర్డు చచ్చిపోయింది!"

పక్క గదిలో కూతురు చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని పనిలో ఉంది. ఒక పెద్ద కంపెనీకి జనం ఫోన్లో చేసే ఫిర్యాదులు ఇంటినుంచి వినడం ఆమె ఉద్యోగం. "ఒక్క నిమిషం లైన్లో ఉండండి సార్" అని ఎవరికో చెప్పి తల బయటికి పెట్టింది. "అందులో పాస్‌వర్డ్ కనబడదు నాన్నా. కొట్టేసి ఎంటర్ నొక్కు."

"కనబడకపోతే పడిందో లేదో ఎలా తెలుస్తుంది?"

"నమ్మాలి నాన్నా."

‘విశ్వాసం మీద నడిచే వ్యవస్థ’ అని నోటుబుక్కులో చేరింది. పదిన్నరకల్లా వ్యాసం గ్రూపులో పడింది. అందులో చివరి వాక్యం ఇది: ‘ముప్ఫై ఒక్క ఫైళ్ళను రెండు సెకన్లలో భద్రపరచి, వ్యవస్థను మార్చి, ఒక్క అక్షరం పోకుండా చూసుకోగలగడం నా సుదీర్ఘ అనుభవ ఫలితమే తప్ప ఇందులో నా గొప్పదనమేమీ లేదు.’ అయిదు నిమిషాల్లో పద్నాలుగు బొటనవేళ్ళు లేచాయి. ఆయన వాటిని ఒక్కొక్కటే తాకి ఎవరెవరివో చూసుకున్నారు.

"పుస్తకం ఒకసారి తెరిచి చూడకూడదూ?" అంది భార్య.

పెన్‌డ్రైవు గుచ్చారు. ముప్ఫై ఒక్క పేర్లూ వచ్చాయి. ‘నేనూ నా దస్త్రాలూ’ మీద నొక్కారు. దీన్ని తెరిచే ప్రోగ్రాము లేదంది లైనక్స్. "ఓస్, అంతేనా" అని ప్రోగ్రాముల అంగడిలోకి వెళ్ళి రాతకోతల ప్రోగ్రాము ఒకటి పెట్టారు. తెరుచుకోలేదు. ఇంకొకటి పెట్టారు. పాస్‌వర్డ్. మూడోది, లెక్కల ప్రోగ్రాము. పాస్‌వర్డ్. నాలుగోది బొమ్మలు గీసేది. పాస్‌వర్డ్. అయిదోది పెట్టాక గాని అది సంగీత స్వరాలు రాసుకునేదని తెలియలేదు. పన్నెండు కావస్తుండగా, పొద్దున వాడిన ‘మర్యాద’ అనే మాట వెనక్కి తీసుకుని కూతుర్ని పిలిచారు.

కూతురు పెన్‌డ్రైవు చూసింది. మళ్ళీ చూసింది. హెడ్‌ఫోన్ పూర్తిగా తీసేసింది. ఆ పిల్ల పనివేళల్లో హెడ్‌ఫోన్ తీయడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

"నాన్నా, పుస్తకం ఫైలు ఎంత ఉండాలో తెలుసా? ఇది చూడు, ఒక ఫోన్ నంబరు రాసుకున్నంత కూడా లేదు. ఇవి ఫైళ్ళు కావు. ఫైళ్ళు ఎక్కడున్నాయో చూపించే గుర్తులు. నువ్వేం చేశావంటే, ఇల్లు పడగొట్టే ముందు గుమ్మానికున్న నంబరు పలక జాగ్రత్తగా ఊడదీసి దాచావు."

"మరి ఇల్లు?"

"పడగొట్టేశావుగా. దాని మీదే ఈ సరస్సు."

సూపరింటెండెంటుగారు సరస్సు వంక చూశారు. అది ఇందాకటంత చల్లగా లేదు. నాలుగింటికి ప్రెస్సాయన. రెండేళ్ళ పుస్తకం. ముప్ఫై నాలుగేళ్ళ జీవితం. పదిహేడో వరస సంఖ్య.

"ఏమండీ, ఒక్క మాట..." అంది భార్య.

"నువ్వు కాస్త ఉండు. ఇది టైపింగు విషయం కాదు."

"అది కాదండీ, నా దగ్గర..."

"నీ దగ్గర ఏముంటుందే? టైపు చెయ్యడం వేరు, భద్రపరచడం వేరు. అదొక శాస్త్రం!"

ఆవిడ అక్కణ్ణుంచి కదిలింది. వెళ్ళి ఇస్త్రీ చెయ్యాల్సిన బట్టలు ముందేసుకుని, ఆయన చొక్కాలు మాత్రం పక్కన పెట్టి మిగతావి చెయ్యడం మొదలుపెట్టింది.

అప్పుడు ఆయనకు ప్రాణం లేచొచ్చే సంగతి గుర్తుకొచ్చింది. ఈమెయిల్లో పంపితే ఎవరైనా తన పేరుతో అచ్చేసుకుంటారన్న భయంతో, పుస్తకాన్ని కాగితాల మీద తీయించి, చుట్ల తీగతో కుట్టించి, ముగ్గురికి మాత్రం అభిప్రాయం కోసం ఇచ్చారు. ముగ్గురూ మెచ్చుకున్నారు. ఒకరైతే ముందుమాట కూడా రాశారు. ఆ కాపీల్లో ఒక్కటి దొరికితే చాలు, ప్రెస్సాయన చూసుకుంటాడు.

మొదట ముందుమాట రాసిన లెక్చరరుగారికి ఫోన్ చేశారు. రిటైరై పక్క బ్లాకులో ఉంటున్నారు ఆయన.

"మాస్టారూ, కంప్యూటర్లో నా పుస్తకం చెరిగిపోయింది. మీ దగ్గరున్న కాపీ ఒకసారి కావాలి."

"ఏ కాపీ?"

"మీరు ఏకబిగిన చదివానన్నారే, అది."

"ఆఁ... అదా! అది చదవడం పూర్తికాగానే ఒక శిష్యుడు పట్టుకుపోయాడండీ. అతని దగ్గర్నుంచి ఇంకో శిష్యుడు. చేతులు మారుతూనే ఉంది. అదీ మీ పుస్తకం శక్తి!"

వెనకనుంచి ఆయన భార్య గొంతు స్పష్టంగా వినిపించింది. "పోయిన నెల పాత కాగితాల వాడికి వేసిందేనా? తీగ ఊడదీస్తే గాని తీసుకోనన్నాడు చూడండి, అదేగా?" ఫోన్ తెగిపోయింది.

రెండోది తోడల్లుడికి. చివరి బ్లాకులో ఇల్లు.

"తమ్ముడూ, నా పుస్తకం ఉందా?"

"ఎందుకు లేదన్నయ్యా! రోజూ దాని వల్లే కదా మా పని జరుగుతోంది."

"అంటే రోజూ చదువుతున్నావా?"

కాసేపు గొణుగుడు తర్వాత నిజం బయటపడింది. వాళ్ళ వాషింగ్ మెషిన్ నాలుగో కాలు పొట్టి. బట్టలు పిండేటప్పుడు స్నానాలగదిలోంచి వరండాలోకి నడిచొచ్చేది. సరిగ్గా నాలుగు వందల పన్నెండు పేజీల ఎత్తు తక్కువైంది.

"తియ్యవయ్యా అది!"

"తీశానన్నయ్యా, ఇదిగో చేతిలోనే ఉంది. ముద్దయిపోయింది. ఒక్క పేజీ విడిపోయింది గానీ అందులో ‘నేను’ అనే మాట తప్ప ఏమీ కనబడటం లేదు."

మూడోది పాత ఆఫీసు హెడ్‌గుమాస్తాకు. "అద్భుతం సార్! ఏ పేజీ తీసినా మీరే సార్!" అన్నాడతను మొదట. కాపీ తిరిగివ్వమనేసరికి, తన తర్వాత రిటైరైన ఆయనకు దాన్ని బహుమతిగా ఇచ్చేశానన్నాడు. ఆయనేమో తన కూతురి దగ్గరికి సముద్రాలు దాటి వెళ్ళాడట.

"నేను రంగు కాగితం చుట్టి ఇచ్చానే. విప్పకుండానే ఇచ్చేశావా?"

"అంత బాగా చుట్టారు, విప్పడానికి మనసెలా ఒప్పుతుంది సార్?"

సూపరింటెండెంటుగారు ఫోన్ బల్ల మీద పెట్టేశారు. పుస్తకం పోయింది. అది ఒక దెబ్బ. ఉన్నన్నాళ్ళూ దాన్ని ఒక్కడూ చదవలేదు. ఈ రెండో దెబ్బ ఆయన ఎవరికీ చెప్పుకోవడానికి కూడా వీల్లేని చోట తగిలింది. భోజనానికి పిలిస్తే అక్కర్లేదన్నారు. ఆవిడ రెండోసారి పిలవలేదు.

ఇక్కడే కథ ఆ ఇంటి గుమ్మం దాటింది. తప్పు చేసినవాడికి నోరు ఎక్కువ లేస్తుంది. లెక్చరరుగారు తన భార్య మాట ఫోన్లో వినబడిందేమోనన్న బెంగతో గ్రూపులో ముందుగా కన్నీరు కార్చారు. ‘మన సూపరింటెండెంటుగారి మహాగ్రంథం యంత్రదోషం వల్ల సమూలంగా నశించినది. దాన్ని చదివిన అతికొద్దిమంది అదృష్టవంతుల్లో నేనొకణ్ణి. భాషకు తీరని లోటు.’ దాని కింద తోడల్లుడు రాశాడు: ‘ఆ పుస్తకం మా ఇంటికి నిలకడ తెచ్చింది. అది లేని లోటు ఇవాళే తెలుస్తోంది.’ అది మాత్రం నిజం. అప్పటికి వాళ్ళ మెషిన్ వరండాలోకి వచ్చేసింది.

పై అంతస్తు మేనేజరుగారు ఇవి చదివారు. లైనక్స్ పెట్టుకోమని ఊరించింది తనేనని ఎవరైనా ఎత్తిచూపుతారేమోనని, అందరికంటే పెద్ద వ్యాసం ఆయనే రాశారు. తప్పు సిస్టమ్‌ది కాదని రెండు వాక్యాలు, పుస్తకం ఒక తరానికి దీపమని పన్నెండు వాక్యాలు. బొటనవేళ్ళ స్థానంలో దణ్ణాలు మొదలయ్యాయి. రెండింటికి తొంభై ఆరు దణ్ణాలు. అసోసియేషన్ సెక్రటరీగారు, ఆవిడ ఏ పనైనా తీర్మానంతోనే చేస్తుంది, ఆదివారం సంస్మరణ సభ జరుపుతామనీ కింద ఉన్న పేపర్లు చదువుకునే గదికి సూపరింటెండెంటుగారి పేరు పెడతామనీ ప్రకటించింది.

మూడింటికి మనుషులు రావడం మొదలైంది. గుమ్మంలో ఒక క్షణం ఆగి, తల పక్కకు వంచి, గొంతు తగ్గించి లోపలికొచ్చారు. కుర్చీలు చాలక పక్కింటినుంచి తెచ్చారు. ఒకావిడ సూపరింటెండెంటుగారి భార్య భుజం మీద చెయ్యి వేసి, "మీరే ధైర్యం చెప్పాలమ్మా ఆయనకి" అంది.

"నేనేం చెప్పినా ఆయన వినే స్థితిలో లేరండీ" అంది ఆవిడ.

"ఎలా జరిగింది?" అని అడిగారు ఒకరు.

"ఏముందండీ, రాత్రి కూడా బాగానే ఉంది" అన్నారు సూపరింటెండెంటుగారు. "పడుకునే ముందు తెరిచి చూశాను. అన్ని పేజీలూ ఉన్నాయి."

"ఆఖరిసారి ఏ పేజీ చూశారు?"

"రెండు వందల పది. నా ప్రమోషన్ పేజీ."

"అయ్యయ్యో!" అని అందరూ ఒక్కసారి అన్నారు.

మొదటి జట్టుకు చెప్పేటప్పుడు ఆయన గొంతు నిజంగానే వణికింది. రెండో జట్టుకు వణికించారు. మూడో జట్టు వచ్చేసరికి పుస్తకం అయిదు వందల పేజీలైంది, దానికి రెండో భాగం కూడా పుట్టింది. "అందులో ఒక అధ్యాయం ఉండేది" అని ఆయన కళ్ళు మూసుకుంటే చాలు, ఎవరో ఒకరు నిట్టూర్చేవారు. రెండేళ్ళు రాసినప్పుడు రాని పేరు ఒక్క పూటలో పోగొట్టుకుంటే వచ్చింది. మధ్యాహ్నం భోజనం మానేసిన మనిషి మూడున్నరకు బిస్కట్లు అడిగి తెప్పించుకున్నారు.

వచ్చినవాళ్ళు వెళ్ళేముందు చిన్నగదిలోకి తొంగి కంప్యూటర్ను చూశారు. "ఇదేనా?" అని అడిగారు. "చూడ్డానికి ఎంత అమాయకంగా ఉందో!" అన్నారు. ఒకాయన దాన్ని ముట్టుకోబోతే వెంట వచ్చిన ఆయన భార్య చెయ్యి పట్టుకుని ఆపింది.

అందరూ హాల్లోకి వెళ్ళాక సూపరింటెండెంటుగారి భార్య ఆ గదిలోకి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, కంప్యూటర్ ముందు కూచుంది. లైనక్స్‌ను ఆవిడ చూడడం అదే మొదలు. సరస్సును ఒక క్షణం చూసింది. కింద పట్టీలో ఇంటర్నెట్ బొమ్మ ఏదో పోల్చుకుని నొక్కింది. తన మెయిల్ తెరిచి, ఆఖరి ఉత్తరంలో ఉన్న ఫైలు దించింది. ఏడు నిమిషాలు పట్టే పుస్తకం నాలుగు సెకన్లలో తెరుచుకుంది. ఒత్తులు, గుడులు ఎక్కడివక్కడే ఉన్నాయి. కిందికి పోతూ రెండు వందల పదో పేజీ దగ్గర ఆగి, ఆ ఒక్క వాక్యం ఉందో లేదో చూసుకుంది. ఉంది. "బానే ఉందే ఇది" అనుకుంది పైకే. ఆ ఇంట్లో లైనక్స్ గురించి ఆ రోజు వెలువడిన అభిప్రాయాల్లో, దానితో ఒక పని పూర్తయ్యాక చెప్పింది అదొక్కటే. పుస్తకాన్ని పెన్‌డ్రైవులోకి ఎత్తి, ఈసారి ఎత్తింది ఎంత ఉందో కూడా చూసుకుని, లేచి వంటింట్లోకి వెళ్ళింది.

నాలుగింటికి ప్రెస్సాయన వచ్చాడు. సంగతి విన్నాడు. మూడు నెలలుగా ఆ నాలుగు వందల పన్నెండు పేజీల్లో తప్పులు దిద్దే పని తన నెత్తిన పడబోతోందని బెంగపెట్టుకున్న మనిషి. మొహంలోకి రాబోయిన వెలుగును చేతిరుమాలు అడ్డుపెట్టి ఆపుకున్నాడు. "ఇలాంటి పుస్తకం మా ప్రెస్సు నుదుట రాసిలేదు సార్" అన్నాడు. అప్పుడు వంటింట్లోంచి "ఏమండీ, ఒకసారి ఇలా వస్తారా?" అని పిలుపొచ్చింది.

"పుస్తకం ఉంది" అంది భార్య.

"ఏ పుస్తకం?"

"మీదే. రోజూ టైపు చేసింది చేసినట్టు నా మెయిల్‌కి పంపుకునేదాన్ని. మీరు మధ్యలో వచ్చి గోడ స్విచ్ ఆపేస్తుంటారుగా, అందుకని. మొత్తం ఉంది. ఇదిగో."

సూపరింటెండెంటుగారు పెన్‌డ్రైవును రెండు చేతుల్తో పట్టుకున్నారు. "పొద్దున్నే ఎందుకు చెప్పలేదే?"

"రెండుసార్లు చెప్పబోయాను. ఒకసారి ఉండమన్నారు, ఉన్నాను. ఇంకోసారి అదొక శాస్త్రమన్నారు. నాకు రాని శాస్త్రంలో నేనేం మాట్లాడతాను?"

ఆయన మొహం విప్పారింది. సగం విప్పారేసరికి హాల్లోంచి లెక్చరరుగారి గొంతు వినబడింది. "ఇంకో వందేళ్ళకైనా అలాంటి పుస్తకం రాదండీ. ఆ గదికి ఆయన పేరు పెట్టడం మన గదికే గౌరవం." విప్పారడం అక్కడే ఆగిపోయింది. ఆయన వంటింటి తలుపు చేరవేశారు.

"ఎవరికైనా చెప్పావా?"

"లేదు."

"చెప్పకు."

"అదేమిటండీ?"

"చెబితే చదువుతారే!"

"చదవడానికే కదా రాశారు?"

"రాసింది అందుకే. కానీ మధ్యాహ్నం నుంచి దాని స్థాయి ఎక్కడికో వెళ్ళిపోయింది. ఇప్పుడా పుస్తకం వచ్చినా దాన్ని అందుకోలేదు." పెన్‌డ్రైవు ఆవిడ చేతిలో తిరిగి పెట్టి, గొంతు తగ్గించారు. "చెరిపెయ్యి. మెయిల్లోది కూడా."

ఆవిడ పెన్‌డ్రైవు వంక చూసింది. తర్వాత తన కుడిచేతి మణికట్టు వంక చూసుకుంది. ఏడాదిగా రాత్రుళ్ళు పట్టీ కట్టుకుని పడుకుంటోంది.

"మరి నా రెండేళ్ళు?"

"గొప్ప పనికి త్యాగం తప్పదు."

"ఎవరిది?" అంది ఆవిడ.

ఆ వెంటనే తలుపు తీసుకుని హాల్లోకి వెళ్ళిపోయింది. వెనకనుంచి ఆయన రెండు చేతులూ ఊపుతూ, తల అడ్డంగా తిప్పుతూ వచ్చారు. పాపం దుఃఖంలో ఉన్నారని జనం దారి ఇచ్చారు.

"అందరికీ ఒక మంచి మాట" అంది ఆవిడ. "పుస్తకం దొరికింది. మొత్తం నాలుగు వందల పన్నెండు పేజీలూ. నా దగ్గర ఇంకో కాపీ ఉంది. ప్రెస్సాయనగారూ, ఇదిగోండి, మీ చేతికిస్తున్నాను. అచ్చయ్యేదాకా మీరంతా ఆగలేరని, గ్రూపులో కూడా ఇదిగో ఇప్పుడే పెట్టేస్తున్నాను. ఆదివారం సభ ఎలాగూ ఉంది కదా. సెక్రటరీగారూ, సంస్మరణ అని కాకుండా, ఒక్కొక్కరూ ఒక్కో అధ్యాయం చదివొచ్చి మాట్లాడేట్టు తీర్మానం మార్చండి. మాస్టారు ఎలాగూ ఏకబిగిన చదివారు కాబట్టి ఆయన ఎన్ని అధ్యాయాలైనా మాట్లాడతారు."

ఆవిడ తన ఫోన్ మీద వేలు నొక్కగానే హాల్లో ఒకరి తర్వాత ఒకరి ఫోన్లు టింగుమన్నాయి. లెక్చరరుగారు కుర్చీ ఎక్కడుందో చేత్తో తడుముకుని కూచున్నారు. తోడల్లుడు గోడకు ఆనుకున్నాడు. మేనేజరుగారు ఫోన్ తెర మీద వేలితో కిందికి లాగారు, ఇంకా లాగారు, పేజీలు అయిపోలేదు. ప్రెస్సాయన చేతిరుమాలు మళ్ళీ తీశాడు, ఈసారి నుదురు తుడుచుకోవడానికి. సూపరింటెండెంటుగారు గుమ్మంలోనే నిలబడిపోయారు.

మధ్యాహ్నం నుంచి ఆ ఇంట్లో నడుస్తున్న పరామర్శలోకి నిజమైన దుఃఖం అప్పుడు వచ్చింది.